మైదానం గీత పక్కన కూర్చునేదెవరు?

సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి పోతే ఈమధ్య నా చేతిలో ఒక నోట్‌బుక్ ఉంటోంది. కర్నూలైనా కడపైనా అంతే. అలవాటు పట్టించింది మా వీధి పిల్లలు. ఫోన్‌లో ఈఫుట్‌బాల్ ఆడుతూ మెస్సీకి డ్రిబ్లింగ్ ఎంత, హాలండ్‌కు షాట్ బలం ఎంత అని తడుముకోకుండా చెప్తారు. మీ కాలేజీ లెఫ్ట్ బ్యాక్‌కు ఎంత ఇస్తారని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ వాళ్లతో ఆడే కుర్రాడే.

ఆ అంకెలు యంత్రం పుట్టించినవి అనుకుంటాం గానీ, చాలావరకు మనుషులు చూసి వేసినవే. 1992లో ఇంగ్లండ్‌లో కోలియర్ సోదరులు తెచ్చిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో మొదట ఆటగాళ్ల పేర్లే కల్పితాలు. అసలు పేర్లు తర్వాత వచ్చాయి. దాని వారసురాలైన ఫుట్‌బాల్ మేనేజర్‌కు దేశదేశాల్లో పరిశీలకులున్నారు. తమ క్లబ్‌ను ఏళ్ల తరబడి చూసినవాళ్లు ఒక్కో గుణానికి 1 నుంచి 20 వరకు మార్కులు వేస్తారు. 2008లో ఎవర్టన్ క్లబ్ ఆటగాళ్లను వెతకడానికి ఆ సమాచారాన్ని వాడుకునేట్టు ఒప్పందమే చేసుకుంది.

ఆ గేమ్‌లో నాకు బాగా నచ్చేవి తెర మీద కనపడని మార్కులు. నిలకడ, పెద్ద మ్యాచ్‌లో నిబ్బరం, గాయాల బెడద. వీటిని ఏ స్టాప్‌వాచీ చెప్పదు. ఒకే కుర్రాణ్ని గెలిచిన రోజూ ఓడిన రోజూ చూసినవాడే చెప్పగలడు.

మా నేల సంగతి వేరు. మైదానంలో గడ్డి నిలవదు. ఎండిన గట్టి నేల మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియదు, ఏప్రిల్ ఎండ నాలుగింటికి కూడా తగ్గదు. ఇక్కడ మొదటి తాకుడుకే బంతిని కాలి కింద అణచిన కుర్రాడికి, పచ్చిక మీద అదే పని చేసినవాడికి ఒకే మార్కు వేస్తే అన్యాయం. అందుకే నేను నోట్‌బుక్‌లో మార్కు పక్కన నేల ఎట్లుందో, ఆట ఎన్నింటికి మొదలైందో కూడా రాస్తాను. వేగం చూడ్డం సులువు, ఎవరికైనా కనిపిస్తుంది. బంతి పోగొట్టుకున్నాక ఆ పిల్లోడు ఏం చేస్తాడన్నదే నేను ఎక్కువగా చూస్తాను. నిలబడి చేతులు విసురుతాడా, వెనక్కి ఉరుకుతాడా? డెబ్బయ్యో నిమిషంలో కూడా ఉరికితే ఆ మార్కు కింద గీత గీస్తాను.

చూసి రాసేవాళ్లు లేకపోతే ఎంత పోతుందో తెలుగు ఫుట్‌బాల్‌ను చూస్తే తెలుస్తుంది. హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ నడిపిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. రెండు జట్లలోనూ సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నారు. 2023లో ఆయన పోయారు. ఆయన గోల్స్ లెక్క దొరుకుతుంది, ఆయన అందించిన పాస్‌ల లెక్క ఎక్కడ వెతకాలి? 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్లకు ఫిఫా 22 గేమ్‌లో అంకెలున్నాయి. వాళ్లకు ఉండటం మంచిదే. బలరాంకు లేకపోవడమే నాకు బాధ.

క్రికెట్‌కు ఈ గతి లేదు, ఊరి మ్యాచ్‌లోనూ బంతి బంతికీ లెక్క రాసేవాడు ఒకడుంటాడు. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసిందని ఎవరిని అడిగినా చెప్తారు.

జిల్లా టోర్నమెంట్లు నడిపే పెద్దలకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు నా మనవి ఒకటే. మార్కుల సంగతి తర్వాత చూసుకుందాం. ముందు ప్రతి మ్యాచ్‌కూ ఒక రిజిస్టర్ పెట్టండి. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, గోల్ ఎవరు కొట్టారు, దానికి పాస్ ఎవరిచ్చారు, గోలీ ఎన్ని ఆపాడు. ఇంత రాసి, పిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా పూర్తిగా రాసి, ఆ రిజిస్టర్‌ను పారేయకుండా దాచండి.