జన్యు వ్యక్తీకరణ జీవక్రియ అవుతుందా? ఏకకణ విశ్లేషణపై ఒక విమర్శ

ఆక్సిజన్ అందుతున్నా కేన్సర్ కణాలు గ్లూకోజును అధికంగా లాక్టేటుగా మారుస్తాయని 1920లలో ఆటో వార్‌బర్గ్ గుర్తించాడు. కణితి ముక్కలు తీసుకునే ఆక్సిజన్‌నూ విడిచే ఆమ్లాన్నీ కొలిచి చేసిన నిర్ధారణ అది. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో షియావ్, దాయ్, లొకాసేల్ ప్రచురించిన అధ్యయనం అదే ప్రశ్నను మరో మార్గంలో చేపట్టింది. మెలనోమా, తల-మెడ కేన్సర్లలో ఒక్కొక్క కణం నుండి సేకరించిన ఆర్‌ఎన్‌ఏ దత్తాంశమే దానికి ఆధారం. కణాల మధ్య జీవక్రియా భేదాలకు ప్రధాన కారణం మైటోకాండ్రియా జన్యువులలోని వైవిధ్యమని అది తేల్చింది. కణితి మొత్తాన్ని కలిపి చూస్తే ఈ భేదాలు సగటులో కలిసిపోతాయి. ఈ మేరకు ఆ అధ్యయనం విలువ నిర్వివాదం.

చిక్కు ‘క్రియాశీలత’ అనే మాటలో ఉంది. ఇక్కడ లెక్కించినది ఎంజైముల తయారీకి వెలువడిన ఆర్‌ఎన్‌ఏ సాపేక్ష పరిమాణాన్ని మాత్రమే. చర్య జరిగిన వేగాన్ని కాదు. గ్లైకాలసిస్‌లో కీలకమైన ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ వేగాన్ని ఏటీపీ, సిట్రేట్ వంటి అణువులు క్షణాలలో మార్చగలవు. ఆ మార్పు ఆర్‌ఎన్‌ఏ పట్టికలో కనిపించదు. ‘వ్యక్తీకరణ’ అనే తెలుగు పారిభాషిక పదం కూడా ఈ భ్రమకు తోడ్పడుతుంది. వ్యక్తమైనదంతా జరిగిపోయినట్లే ధ్వనిస్తుంది.

ఆక్సిజన్ కొరత విషయంలో ఈ లోపం స్పష్టంగా బయటపడుతుంది. గ్లైకాలసిస్, మైటోకాండ్రియా జన్యువులు రెండూ ఆక్సిజన్ కొరతతో పాటే పెరుగుతున్నాయని ఆ రచయితలు చూపారు. అయితే ఆ కొరతను కూడా వారు జన్యువుల నుండే ఊహించారు. గ్లైకాలసిస్ జన్యువులలో అనేకం హెచ్‌ఐఎఫ్-1 అదుపులోనే ఉంటాయి కనుక ఆ సగం సంబంధంలో ఆశ్చర్యం లేదు. మైటోకాండ్రియా సంగతి వేరు. అది నిజంగా కొత్త పరిశీలన. కాని ఆక్సిజన్ బొత్తిగా లేనిచోట ఎంత ఆర్‌ఎన్‌ఏ ఉన్నా శ్వాసక్రియ సాగదు. జన్యువుల పట్టికను క్రియగా చదవడానికి అన్నింటికన్నా తక్కువ అవకాశమున్న సందర్భం ఇదే.

పట్టికలోని సున్నాలు మరో సమస్య. తాళపత్ర ప్రతిలో ఖాళీ కనబడితే, కవి రాయలేదో పురుగు తిన్నదో పరిష్కర్త తేల్చుకోవాలి. ఏకకణ దత్తాంశంలోనూ సున్నా అంటే జన్యువు మౌనంగా ఉందనీ కావచ్చు, పరికరం పట్టుకోలేకపోయిందనీ కావచ్చు. పొరుగు కణాలను చూసి ఖాళీలు పూరిస్తే కణాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. వెతుకుతున్న భేదమే పలుచబడుతుంది.

2021లో వెలువడిన కంపాస్, ఎస్‌సీఎఫ్‌ఈఏ పద్ధతులు రసాయన చర్యల జాలాన్ని, ద్రవ్య సమతుల్యతను లెక్కలోకి తెచ్చాయి. ఇది ముందడుగు. అయినా వాటి ప్రధాన ఆధారం ఆర్‌ఎన్‌ఏయే. కణితిలోని ఏ చర్యను ఔషధంతో అడ్డుకోవాలన్న నిర్ణయానికి ఈ అంచనాలు చాలవు. కార్బన్-13 గుర్తు గల గ్లూకోజు ఆ కణితిలో ఏ దారిన పోయిందో కొలిచి పోల్చవలసి ఉంటుంది.