ఊరు వదిలాకే ఊరిపేరు

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని సామెత. పేరుకీ మనిషికీ పొంతన ఉండదని ఎత్తిపొడవటానికి వాడతాం. నాకు మాత్రం ఈ సామెత ఇంటిపేర్ల మీద వచ్చే వ్యాసాలన్నిటికీ ముందుగానే రాసిపెట్టిన సమీక్షలా కనిపిస్తుంది. ఆ వ్యాసాల పద్ధతి మనకు తెలిసిందే. ఇంటిపేరును రెండు ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కకూ నిఘంటువులో అర్థం వెతుకుతారు, ఆ రెంటినీ కలిపి ఓ చిన్న కథ చెప్తారు. చదవటానికి సరదాగానే ఉంటుంది. కానీ కస్తూరి అన్న మాటకు అర్థం చెప్పినంత మాత్రాన కస్తూరివారి గురించి మనకు తెలిసింది ఏమీ లేదు. ఇది సరదా కాలక్షేపం దగ్గర ఆగితే నాకూ పేచీ లేదు. ఇంటిపేరును తప్పుగా చదవటం మన సాహిత్య విమర్శలోకీ వచ్చింది, మనుషుల్ని చూసే చూపులోకీ వచ్చింది. అందుకే ఈ గొడవ.

కృష్ణా డెల్టా అడుగుభాగం నుంచే ఉదాహరణలు తీసుకుంటాను. ముందు ఘంటసాల. ఆ గాయకుడి కంఠం విన్నవాళ్ళు ఘంట, శాల అని విడదీసి ‘గంటలు మోగే చోటు’ అంటే కాదనబుద్ధి కాదు. కానీ ఘంటసాల దివిసీమ పక్కన ఉన్న ఊరు, బౌద్ధ క్షేత్రం. నాగార్జునకొండ ప్రాకృత శాసనంలో కనిపించే కంటకసేల ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కంటకోస్సుల కూడా ఇదేనంటారు. అంటే పాత రూపంలో గంటా లేదు, శాలా లేదు. ఉన్నవి ముల్లూ (కంటకం) కొండా (సేల). మన చెవికి అర్థమయ్యేలా జనం నోట పేరు మారింది. మారిన పేరుకు మనం అర్థం చెప్పుకుని మురిసిపోతున్నాం. పైగా ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది ఘంటసాలలో కాదు, గుడివాడ దగ్గర చౌటపల్లిలో, 1922లో. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

రెండోది కూచిపూడి. దీన్ని కుచేలపురం అన్నవాళ్ళున్నారు, కుశీలవపురి అన్నవాళ్ళున్నారు. కుశీలవులంటే నటులు, గాయకులు కాబట్టి నాట్యానికి పుట్టిల్లయిన ఊరికి ఆ పేరు ఎంత బాగా కుదిరిందో! అతికినట్టు కుదిరిన చోటే అనుమానించాలి. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు చూడండి. ఒక్క కృత్తివెన్ను మండలంలోనే గరిసెపూడి, నీలిపూడి, కొమాళ్ళపూడి ఉన్నాయి. వీటన్నిటిలోనూ ఉన్న ‘పూడి’ని వదిలేసి ఒక్క కూచిపూడిలో మాత్రం దాన్ని ‘పురి’ చేయటం కుదరదు. ఏ పేరునైనా దాని పొరుగు పేర్లతో కలిపి చదవాలి. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేసినప్పుడు జిల్లా మొత్తాన్ని ముందు పెట్టుకున్నారు. వ్యాసాల్లో లోపించేది ఆ ఓపికే.

మరి ఇంటిపేరులో నికరంగా దొరికేది ఏమిటి? నా జవాబు: అర్థం కన్నా ముందు వ్యాకరణం. కృత్తివెన్ను పేరే తీసుకుందాం. వెన్ను అంటే వీపు, వరికంకి, విష్ణువు. ఈ మూడింట్లో దేన్ని పట్టుకున్నా ఓ స్థలపురాణం అల్లొచ్చు. దాన్ని పక్కన పెట్టి, ఈ ఊరిపేరు మోసే ఇంటిపేరు ఎలా ఉందో చూడండి. అది కృత్తివెన్ను కాదు, కృత్తివెంటి. గోదావరి దాటి రామచంద్రపురం వెళ్తే కృత్తివెంటి పేర్రాజు పంతులు పేరిట హైస్కూలు కనిపిస్తుంది. వెన్ను వెంటి ఎందుకయింది? కన్ను కంటి అయినట్టు, మిన్ను మింటి అయినట్టు, మన్ను మంటి అయినట్టు. ‘కంటి చూపు’ అని ఇవాళ్టికీ అంటాం. కానీ బందరు బస్టాండులో ‘కృత్తివెంటి బస్సు ఎప్పుడండీ’ అని అడిగేవాళ్ళు లేరు, అందరూ కృత్తివెన్ను బస్సే అంటారు. వాడుక వదిలేసిన షష్ఠీరూపాన్ని ఇంటిపేరు జాగ్రత్త చేసింది. శాసనం రాయి మీద ఉంటుంది. ఇది మనుషుల నోళ్ళలో ఉంది, అంతే తేడా.

ఈ తాళంచెవి చేతికొస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి. పాడు పాటి అవుతుంది: గుడిపాడు, గుడిపాటి. ర్రు ర్తి అవుతుంది: పసుమర్రు, పసుమర్తి, గొడవర్రు, గొడవర్తి, పెనుమర్రు, పెనుమర్తి. అజంతా అన్న కలంపేరుతో కవిత్వం రాసిన పెనుమర్తి విశ్వనాథశాస్త్రి ఇంటిపేరు ఇదే. కృత్తివెన్ను మండలంలోని నిడమర్రుకు ‘నిడమర్తి’, చెరుకుమిల్లికి ‘చెరుకుమిల్లి’ జోడీలు. అయితే నిడమర్రులు ఒకటి కాదు, గోదావరి వైపూ ఉంది. కాబట్టి ఇంటిపేరు ఊరిపేరు చెప్తుందే తప్ప ఏ నిడమర్రో చెప్పదు. అది కుటుంబంవాళ్ళు చెప్పుకోవలసిన మాట.

ఇప్పుడు చౌటపల్లి దగ్గరికి వద్దాం. ఘంటసాలలో ఉన్నన్నాళ్ళూ ఎవరినీ ‘ఘంటసాలవారు’ అని పిలవాల్సిన పని లేదు, అక్కడ అందరూ ఘంటసాలవారే. ఆ ఊరు వదిలి ఇంకో ఊరు చేరాకే ‘వాళ్ళా? ఘంటసాలవాళ్ళు’ అనే పిలుపు పనికొస్తుంది. అందుకే సాధారణంగా ఇలాంటి ఇంటిపేరు ఉన్న ఊరిని చెప్పదు, వదిలిన ఊరిని చెప్తుంది. వేటూరి ప్రభాకరశాస్త్రీ, ఆ ఇంటివాడే అయిన వేటూరి సుందరరామమూర్తీ దివిసీమ పెదకళ్ళేపల్లిలో పుట్టారు. పింగళి వెంకయ్యది భట్లపెనుమర్రు. యద్దనపూడి సులోచనారాణిది కాజ. గురజాడ అనే ఊరు కృష్ణాజిల్లాలో ఉంటే, గురజాడ అప్పారావు పుట్టింది విశాఖ వైపు రాయవరంలో. అన్నిటికన్నా ముచ్చటైనది ఇది: నందమూరి తారకరామారావు నిమ్మకూరులో పుట్టాడు, నందమూరులో పుట్టినవాడు విశ్వనాథ సత్యనారాయణ. ఇక కూచిపూడిలో నాట్యం చేసిన కుటుంబాలు వెంపటివారు, వేదాంతంవారు, చింతావారు, పసుమర్తివారు, భాగవతులవారు. ఊరు తన పేరు ఆటకిచ్చింది. ఆడినవాళ్ళలో కొందరు ఇంకా ఎక్కణ్ణుంచి వచ్చారో ఆ ఊళ్ళ పేర్లే మోస్తున్నారు.

ఇది మన ఒక్కరి వింత కాదు. రుమేనియాలో మొల్దొవెయాను అన్న ఇంటిపేరుకు మొల్దావియావాడని అర్థం. ఉంగురెయాను అంటే హంగరీ ఏలుబడిలోని సీమ నుంచి వచ్చినవాడు. ఆ పిలుపు కూడా సీమ దాటాకే అక్కరకొస్తుంది. రుమేనియన్ పేర్లలో ఇంకో పెద్ద వర్గం ‘ఎస్కు’తో ముగుస్తుంది. పొపెస్కు అంటే పూజారి కొడుకు, ఇయొనెస్కు అంటే ఇయొన్ కొడుకు. అసంగత నాటకకర్తగా మనకు తెలిసిన ఇయొనెస్కో ఇంటిపేరు అదే. మన దగ్గర దీనికి జోడీ పెద్దిభొట్ల. పెద్దిభొట్లు అనే పూర్వీకుడి తాలూకు అని. అక్కినేని, త్రిపురనేనిలో ఉన్న ‘నేని’ కూడా నాయుడు అన్న మాటకు పాతరూపం నుంచి వచ్చిన షష్ఠి అంటారు. అంటే అవి ఊళ్ళ పేర్లు కావు, పెద్దల పేర్లు. ఊరు చెప్పేది ఒక రకం, తాతను చెప్పేది ఇంకో రకం.

ఇంతవరకూ చెప్పింది భాష సంగతి. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మనవైపు కొత్తమనిషి కనపడితే మూడు ప్రశ్నలు వరసగా వస్తాయి. ‘ఏ ఊరు బాబూ?’ ‘ఎవరి తాలూకు?’ ‘ఇంటిపేరేంటి?’ మొదటి రెండూ పలకరింపులు. మూడోది కులం అడగటం. నేరుగా అడిగితే మర్యాద కాదని ఈ దొడ్డిదారి. తీరా చూస్తే ఆ దారి చాలాసార్లు గమ్యం చేర్చదు. ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరు ఆ ఊరు వదిలిన ఎవరికైనా రావచ్చు కదా. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మద్దూరి అన్నపూర్ణయ్య ఉన్నాడు, దళిత కవిత్వంలో మద్దూరి నగేశ్‌బాబు ఉన్నాడు. ఆ మూడక్షరాలు చూసి ఎవరేమిటో ఏం చెప్పగలం?

ఇంకా లోపలికి వెళ్తే మనసు కలుక్కుమంటుంది. కొలకలూరి ఇనాక్, ఎండ్లూరి సుధాకర్, కలేకూరి ప్రసాద్, మద్దూరి నగేశ్‌బాబు. ఈ నాలుగు ఇంటిపేర్లనూ నండూరి, కాటూరి, వేటూరి పక్కన పెట్టండి. అచ్చు ఒకటే. అన్నిట్లోనూ ‘ఊరి’ ఉంది. కానీ ఊరూ వాడా అని జంటగా పలికే మన భాషలో ‘వాడ’ ఊరికి బయట ఉంది. వాడలో కాపురం పెట్టించి, బావి దగ్గరికి రానివ్వకుండా, పేరులో మాత్రం ఊరిని మోయించారు. లేదా, మేమూ ఈ ఊరివాళ్ళమే అని ఆ కుటుంబాలే పేరుతో పట్టుబట్టి నిలిచాయి అనుకోవచ్చు. నాకు రెండో పఠనమే ఇష్టం. ఏదేమైనా వ్యాకరణం వీళ్ళకూ వాళ్ళకూ ఒకే విభక్తి ఇచ్చింది. ఇంటిపేర్లకు అర్థాలు చెప్పే వ్యాసాలు ఈ సంగతి మీదుగా దాటిపోవటం నాకు పెద్ద లోపంగా కనిపిస్తుంది.

ఇంటిపేరంటే రక్తం అనుకునేవాళ్ళకు మన సాహిత్యమే సమాధానం చెప్తుంది. చలం కొమ్మూరివారింట పుట్టి, దత్తతతో గుడిపాటి అయ్యాడు. శ్రీశ్రీ పూడిపెద్దివారింట పుట్టి, దత్తతతోనే శ్రీరంగం అయ్యాడు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగులో వంశాన్నీ ఆచారాన్నీ గట్టిగా కుదిపిన ఇద్దరి ఇంటిపేర్లూ పుట్టుకతో వచ్చినవి కావు. అయినా చలం ఇంటిపేరుతో కాక సొంత పేరుతోనే నిలిచాడు. ఆడవాళ్ళకైతే ఇల్లు మారటం, పేరు మారటం మామూలు ఆనవాయితీ. ముప్పాళ్ళ రంగనాయకమ్మగా రాసినావిడ ఇంటిపేరు తీసేసి రంగనాయకమ్మగా మిగలటం, పోపూరి లలితకుమారి ఓల్గా కావటం ఆ ఆనవాయితీకి జవాబులు. పుట్టింటిదో మెట్టినింటిదో ఏదో ఒకటి మోయక తప్పదన్నప్పుడు ఏదీ వద్దనటం కూడా ఒక రాతే.

చివరగా విమర్శకులుగా మన అలవాటు సంగతి. గురజాడ, కందుకూరి, విశ్వనాథ, దేవులపల్లి అని రాస్తాం. ఇంటిపేరే మనిషి అయిపోతుంది, అందులో ఒక పెద్దరికం ఉంటుంది. గుఱ్ఱం జాషువాను మాత్రం ‘గుఱ్ఱం’ అనం, జాషువా అంటాం. బోయి భీమన్నను ‘బోయి’ అనం. ఇందులో ప్రేమే ఉందనొచ్చు, నిజమే కావచ్చు. కానీ ఊరిపేరు ఇంటిపేరైతే గౌరవంగానూ, జంతువు పేరో పనిపేరో అయితే నోరు మెదపటానికి ఇబ్బందిగానూ ఎందుకుంటుందో ఒకసారి అడుక్కోవాలి. గుర్రం ఎందులో తక్కువ? పల్లకీ మోసినవాడి పేరు ఎక్కినవాడి పేరు కన్నా ఎందులో చిన్నది?

ఇంటిపేర్ల మీద మంచి పుస్తకం రావాలంటే అందులో అర్థాల పట్టిక చివరి అధ్యాయంగా ఉండాలి. ముందు ఊళ్ళ పటం ఉండాలి, ఏ పేరు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలిందో గీతలు గీయాలి. ఆ గీతలు అగ్రహారాలతో ఆగకుండా వాడల్లోకీ సముద్రం ఒడ్డు పాలేల్లోకీ వెళ్ళాలి. అంతవరకూ ఎవరైనా మీ ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగితే, మావాళ్ళు ఏ ఊరు వదిలి వచ్చారో చెప్పండి చాలు. కృత్తివెంటివారికి ఆ పని తేలిక, వాళ్ళ పేరులోనే బస్సు దిగాల్సిన చోటు ఉంది.