ఆవిరికి ఓ గది

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నా లెక్క ఒకటే: వెలుగు ఎంత ఎక్కువైతే పొర అంత గొప్పది. పాలిమర్ ద్రావణాన్ని చిక్కగా కలిపి, గాజు పలక మీద చుక్కలు వేసి, మెల్లగా తిప్పి మందంగా పరిచాను. అతినీలలోహిత దీపం కింద పెడితే నీలంగా ధగధగలాడింది. సీసా అడుగున, టీఎన్టీ అనే పేలుడు పదార్థానికి దగ్గరి చుట్టమైన డైనైట్రోటోలుయిన్ పలుకులు వేసి, పైన దూది కప్పి, మూత బిగించి, రోజంతా ఆవిరి నిండనిచ్చాను. మర్నాడు పలకను అందులో వేలాడదీశాను. ఆవిరి తగలగానే వెలుగు తగ్గాలి. ఐదు నిమిషాలైనా తగ్గినట్టు కనిపించలేదు.

మా సార్ వచ్చి చూశారు. "ఏమ్మా, పొర పరిచావా, బండ పరిచావా?"

"మందం పెంచితే వెలుగు పెరుగుతుంది కదా సార్."

"పెరుగుతుంది. మరి వచ్చినవాడు లోపలికెలా వస్తాడు?"

వచ్చినవాడంటే ఆవిరి అణువు. మా విద్యలో దాని పేరు అతిథి. దానికి చోటిచ్చే అణువు ఆతిథేయి. 1967లో పెడర్సన్ తన కిరీటం ఆకారపు ఉంగరాల్లో పొటాషియం లాంటి అయాన్లు ఒదిగి కూర్చుంటాయని చెప్పినప్పటి నుంచి ఈ రసాయనానికి ఊపొచ్చింది. 1987లో ఆయనకూ, క్రామ్‌కూ, లేన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ తర్వాత మా తరం పట్టుకున్న పని, అతిథి వచ్చిన సంగతి తన వెలుగుతోనే చెప్పే ఆతిథేయిని కట్టడం.

కష్టమంతా ఎండిన పొరలో ఉంది. ద్రావణంలో చక్కగా వెలిగే పాలిమర్ పోగులు ఆరగానే ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి, కట్టగట్టిన విస్తరాకుల్లాగా. అలా అతుక్కుంటే వెలుగూ మసకబారుతుంది, మధ్యలో గాలాడే సందూ ఉండదు. దీనికి విరుగుడు ట్రిప్టిసీన్ అనే పాత అణువులో దొరికింది. 1942లో హార్వర్డ్‌లో బార్ట్‌లెట్ బృందం చేసిన అణువది. మూడు బెంజీన్ వలయాలు ఒకే ఇరుసు చుట్టూ విచ్చుకుని నిలబడతాయి. ప్రాచీనకాలపు మూడు రేకుల పుస్తకాన్ని తలచుకుని ఆ పేరు పెట్టారు. దానికి పెద్దన్న పెంటిప్టిసీన్‌లో ఐదు వలయాలు: నడిమిది పాలిమర్ పోగులో భాగమై కూర్చుంటే, మిగతా నాలుగు రెక్కల్లా అటూ ఇటూ లేచి నిలుస్తాయి. రెక్కలున్న విస్తళ్లను కట్టగట్టలేం కదా. పోగుకూ పోగుకూ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే అతిథి గది.

1998లో ఎమ్ఐటీలో యాంగ్, స్వేగర్ ఆ పోగులతో 2.5 నానోమీటర్ల పొర పరిచి టీఎన్టీ ఆవిరికి చూపించారు. 30 సెకన్లలో సగం వెలుగు ఆరిపోయింది. మామూలు గదిలో టీఎన్టీ పక్కనున్న గాలిలో వంద కోట్ల అణువులకు ఓ పది లోపే టీఎన్టీ అణువులుంటాయి. అంత పలచటి ఆవిరిని పట్టిన పొర అది. మందుపాతరలు వెతకడానికి దీనితోనే ఓ పరికరం చేశారు. వాసన పట్టే కుక్కను తలచుకుని దానికి ఫిడో అని పేరు పెట్టారు.

ఇంత కొంచెం ఆవిరి అంత వెలుగును ఎలా ఆర్పుతుంది? పెళ్లి పందిట్లో సీరియల్ సెట్టు గుర్తుందా, ఒక్క బల్బు మాడితే వరసంతా ఆరిపోయేది. పాలిమర్ పోగు అలాంటిదే. దీపం ఇచ్చిన శక్తి ఒకచోట ఉండకుండా పోగు వెంట తిరుగుతుంది. దారిలో ఎక్కడ ఒక్క టీఎన్టీ అణువు కూర్చున్నా, ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఆ వెలుగును ఆర్పేస్తుంది. ఈ సంగతిని స్వేగర్ బృందం 1995లోనే ద్రావణంలో చూపించింది. అప్పటి అతిథి పారాక్వాట్, మన చేలల్లో గడ్డిమందుగా చల్లేదే.

అయితే వెలుగు తగ్గిన ప్రతిసారీ అతిథి వచ్చినట్టు కాదు. దీపం కింద ఎక్కువసేపుంచితే పొర తనంతట తానే వెలిసిపోతుంది. అందుకే ఏ ఆవిరీ తగలని పలకను పక్కనే అదే దీపం కింద పెడతాం. దాన్ని నేను సాక్షి పలక అంటాను. సాక్షి లేని కొలతను నా విద్యార్థుల నోటుబుక్కులో ఒప్పుకోను.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ ఆవిరి వెంకటాపురం ఇళ్లలోకి చొరబడినప్పుడు, మా బంధువుల్లో చాలామంది నన్ను ఒకటే అడిగారు: మీ పొరలు దాన్ని పసిగట్టేవా? లేదనే చెప్పాను. చెప్పడానికి గొంతు పెగల్లేదు. స్టైరీన్ టీఎన్టీలా ఎలక్ట్రాన్‌ను లాక్కునే అణువు కాదు. అంత విషం మధ్యలో కూడా మా పలక నిశ్చింతగా వెలుగుతూనే ఉండేది. టీఎన్టీకి కట్టిన గది స్టైరీన్‌కు పనికిరాదు. దాని ఆకారానికీ దాని స్వభావానికీ తగిన ఆతిథేయిని వేరే కట్టుకోవాలి. కొన్నాళ్లుగా నా బల్ల మీద నడుస్తున్న పని అదే.

పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి పలక ఒకటి పట్టుకొచ్చింది. "మేడమ్, పొర పడిందో లేదో తెలియట్లేదు. ఉత్త గాజులాగే ఉంది."

"దీపం వెయ్యమ్మా."

వేసింది. మసక నీలం, ఉందా అంటే ఉంది. పాత డైనైట్రోటోలుయిన్ సీసా తీసి మూత విప్పి, పలకను లోపల వేలాడదీశాం. సాక్షి పలక బయట వెలుగుతూ ఉంది. నేను అంకెలు లెక్కపెట్టాను. నలభై దాకా వచ్చేసరికి సీసాలో పలక ఎక్కడుందో ఇద్దరం వెతుక్కోవాల్సి వచ్చింది.