విద్యార్థి గోప్యత, ఉపాధ్యాయుల ఎరుక: ‘ది గ్రేట్ గిల్లీ హాప్కిన్స్’ నవలా పరిశీలన

1. ఉపోద్ఘాతం

కన్నవారి దగ్గర ఉండే వీలులేని పిల్లలను ప్రభుత్వ పర్యవేక్షణలో మరొక కుటుంబం కొంతకాలం సాకే ఏర్పాటును ఫోస్టర్ సంరక్షణ అంటారు. అటువంటి ఇంటి నుంచి బడికి వచ్చే విద్యార్థి స్థితి ఉపాధ్యాయులకు తెలియాలా, వద్దా అన్నది విద్యారంగంలో తెగని ప్రశ్న. తెలిస్తే ఆదుకుంటారన్నది ఒక వాదం. తెలిస్తే ముద్ర వేస్తారన్నది మరొక వాదం. అమెరికన్ రచయిత్రి కాథరీన్ పాటర్సన్ 1978లో వెలువరించిన బాలల నవల ‘ది గ్రేట్ గిల్లీ హాప్కిన్స్’ ఈ రెండు వాదాలనూ పరీక్షకు పెడుతుంది. 1979లో నేషనల్ బుక్ అవార్డు పొందిన ఈ నవల ఆధారంగా, తెలియడం కంటే తెలిసినదానితో ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. పేరుకు ముందే వచ్చే చరిత్ర

కథానాయిక గిల్లీకి పదకొండేళ్ళు. తల్లి వదిలేసిన ఆమె అనేక ఇళ్ళు మారి మేమీ ట్రాటర్ అనే మహిళ సంరక్షణకు చేరుతుంది. ఆమె ఎక్కడికి వెళ్ళినా ‘మొండిపిల్ల’ అన్న పేరు ఆమె కంటే ముందే చేరుతుంది. పెద్దలు తనను కాక తన దస్త్రాన్ని చూస్తారని గ్రహించిన గిల్లీ ఆ పేరునే ఆయుధంగా మార్చుకుంటుంది. కొంతకాలం అద్భుతంగా చదివి, ఉన్నట్టుండి చదువు మానేస్తుంది. ఉపాధ్యాయులు కంగారుపడి తన చుట్టూ తిరగాలన్నది ఆమె ఎత్తుగడ. సానుభూతి కూడా ఒక ముద్రేనని ఈ ఎత్తుగడ నిరూపిస్తుంది. జాలి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ బిడ్డ లెక్క కట్టగలిగింది.

3. మిస్ హారిస్ మౌనం

కొత్త బడిలోని నల్లజాతి ఉపాధ్యాయురాలు మిస్ హారిస్ ఈ ఎత్తుకు లొంగదు. విసిగిన గిల్లీ జాతిని కించపరిచే కార్డు ఒకటి తయారుచేసి ఆమె పుస్తకంలో పెడుతుంది. బడి వదిలాక మిస్ హారిస్ ఆమెను ఆపి మాట్లాడే ఘట్టం నవలకు ఆయువుపట్టు. ఆమె మందలించదు, ఓదార్చదు. ఇద్దరికీ తెలివి ఉందనీ, అంతకంటే దగ్గర చేసేది ఇద్దరిలోని కోపమనీ చెబుతుంది. తన కోపాన్ని అణచుకోవడమే తనకు నేర్పారనీ, గిల్లీ కోపం ఇంకా పైకే కనిపిస్తోందనీ అంటుంది. చివరికి ఆ కార్డుకు కృతజ్ఞతలు చెబుతుంది.

ఈ సంభాషణ బరువంతా కోపంపైనే ఉంది. తల్లి లేకపోవడం మీద, ఇళ్ళు మారడం మీద లేదు. ఉపాధ్యాయురాలి ఎరుక ఇక్కడ ప్రకటనగా కాక ప్రవర్తనగా వ్యక్తమవుతుంది. గిల్లీని ఆమె ఒక కేసుగా కాక, తనతో సమానమైన బుద్ధిగల వ్యక్తిగా పలకరిస్తుంది.

4. నవల పరిమితి

అయితే ఈ పరిష్కారానికి మూల్యం చెల్లించినది మిస్ హారిస్. అవమానపడినదీ ఆమే, కృతజ్ఞత చెప్పినదీ ఆమే. ఒక బిడ్డ గౌరవం నిలవడానికి ఒక నల్లజాతి స్త్రీ సహనాన్ని నవల సహజమైన వనరుగా వాడుకుంది. పైగా ప్రతి తరగతిలోనూ మిస్ హారిస్ ఉండదు. వ్యక్తి వివేకంపై ఆధారపడిన న్యాయం అదృష్టమే తప్ప వ్యవస్థ కాదు.

5. చట్టం, తరగతి గది

ఇంగ్లండులో ప్రభుత్వ సంరక్షణలోని పిల్లల చదువు బాధ్యతను ఒక నిర్దిష్ట ఉపాధ్యాయునికి అప్పగించడం ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలలకు చట్టబద్ధమైన విధి. భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఫోస్టర్ సంరక్షణకు అవకాశం కల్పిస్తుంది. 74వ సెక్షన్ అటువంటి పిల్లల పేరు, చిరునామా, పాఠశాల వంటి వివరాలు మాధ్యమాల్లో వెల్లడించడాన్ని నిషేధిస్తుంది. అది బయటి ప్రపంచానికి వేసిన గొళ్ళెం. తరగతి గది లోపలి సంగతికి 3వ సెక్షన్‌లోని మౌలిక సూత్రాలే దారి చూపాలి. వాటిలో గోప్యతతో పాటు, తనకు సంబంధించిన నిర్ణయాలలో బిడ్డ మాట వినాలన్న భాగస్వామ్య సూత్రమూ ఉంది.

తెలుగులో మరొక చిక్కు ఉంది. ‘పెంపకం’ అనగానే దత్తత స్ఫురిస్తుంది. దత్తత శాశ్వతం, ఫోస్టర్ సంరక్షణ తాత్కాలికం, కన్నవారి దగ్గరకు తిరిగి వెళ్ళే ఆశ అందులో మిగిలే ఉంటుంది. ‘పెంపుడు బిడ్డ’ అన్న ఒక్క మాటే ఉపాధ్యాయునికి చేరితే, ఆ ఎరుక కూడా పొరపాటు ఎరుకే అవుతుంది. ఏమీ తెలియకపోయినా నష్టమే: ‘మీ వంశవృక్షం గీయండి’, ‘అమ్మానాన్నల సంతకం తెండి’ వంటి మామూలు మాటలు ఆ బిడ్డను తరగతి ముందు దోషిగా నిలబెడతాయి.

6. ముగింపు

ఎవరు సంతకం చేస్తారు, అవసరమైతే ఎవరికి కబురు చేయాలి, ఏ పాఠం దగ్గర జాగ్రత్త వహించాలి అన్నంతవరకు తరగతి ఉపాధ్యాయునికి తెలియాలి. బిడ్డ ఆ ఇంటికి ఎందుకు చేరిందన్న కథ మాత్రం ఆ బిడ్డ సొంతం; చెప్పాలో వద్దో నిర్ణయించే హక్కూ ఆ బిడ్డదే. మిస్ హారిస్ గిల్లీ కథను అడగలేదు. అందుకే గిల్లీ ఆమెను సులువుగా తోసిపుచ్చలేకపోయింది.