కళాపూర్ణోదయము: పరరూపధారణము

పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును గూర్చి వెలసిన విమర్శలలోఁ బెక్కింటికిఁ గథాకల్పనమే ప్రధానవిషయము. 16వ శతాబ్దమునఁ బురాణోపాఖ్యానములను బెంచి ప్రబంధములుగాఁ దీర్చు కవులు పలువు రుండఁగా, నీతఁడు కథను దానే కల్పించెననియు, వెనుకటి వృత్తాంతమును ముందునకును, ముందటిదానిని వెనుకకును ద్రిప్పి 8 ఆశ్వాసములవఱకుఁ బాఠకుని కుతూహలమును సడలనీయఁడనియు విమర్శకులు కొనియాడిరి. ఈ ప్రశంస న్యాయ్యమే. అయినను ముడులెట్లు పడినవో చెప్పినవారు, వానిని బడవైచిన మనోవృత్తి యేదియో విచారించుట యరుదు. కథను మొదలంటఁ బరిశీలించినచో, ఇందలి చిక్కులలో ముఖ్యములైనవానికి మూలమొక్కటియే కానవచ్చును. అది తన్నుఁ బరునితోఁ దూఁచుకొను బుద్ధి.

ఈ బుద్ధికిఁ గావ్యమున లోనైనవాఁడు సామాన్యుఁడు గాఁడు, దేవర్షియైన నారదుఁడు. విష్ణుసన్నిధిని దుంబురుని గానమునకుఁ గలిగిన సత్కార మాతనికి శల్యమయ్యెను. తాను దక్కువవాఁడా యను చింతతో సంగీత మభ్యసింపఁబూని, తుదకు ద్వారకను జేరి, జాంబవతీ సత్యభామా రుక్మిణులకడ శిష్యుఁడయ్యెను. ఈ వృత్తాంతము సూరన కల్పించినది గాదు. లింగపురాణమునను నద్భుతరామాయణమునను గలదు. అద్భుతరామాయణమున నొక విశేషమున్నది. తుంబురుని జయింపఁబోయిన నారదున కాతని యింటియొద్ద నవయవములు విఱిగిన స్త్రీపురుషులు కనఁబడిరి. వారు రాగములును రాగిణులును. నారదుని యపస్వరములచేతనే వారట్లు వికలాంగులైరి. పోటీకై పాడినవాఁడు పాటనే గాయపఱచెనని దీని తాత్పర్యము. సూరన యీ ప్రసిద్ధవృత్తాంతమును గైకొని, దాని నొక నీతికథగా విడువక, తన కల్పితకథకు బీజముగా నాటెను.

ఆ బీజ మెట్లు మొలకెత్తినదో చూడవలయును. నారదునకు విద్య వచ్చెను, రాణులు మెచ్చిరి. కాని యా మెప్పు నిక్కమో, మొగమోటమో! పరుని గెలుచుటకై నేర్చినవానికిఁ దన విద్య తనకుఁ దృప్తి నీయదు. దానిని గొలుచు కోల యెప్పుడు నితరులచేతనే యుండును. ఆ సంశయము దీర్చుకొనుటకు ద్వారకలోని వారకన్యక కలభాషిణి తోడ్పడెను. కోరిన రూపము దాల్పఁగల శక్తి యామెకు నారదునివలననే లభించెను. కావ్యమున నీ స్థలము చిన్నది. చదువరు లిట్టే దాఁటిపోవుదురు. కథ మాత్ర మిచ్చటనే మలుపు దిరిగినది. పరరూపమును ధరించు శక్తి యీ కథలోనికిఁ బ్రవేశించినది నారదుని తులనాబుద్ధి తెఱచిన వాకిటినుండియే.

ఆ శక్తి వినియోగపడుటకుఁ దగిన భూమిని రంభ యహంకారము సిద్ధము చేసెను. నలకూబరునితో విమానమునఁ బోవుచుఁ దనకు సాటిలేదని యామె గర్వపడఁగా, నామె రూపమునే కలిగిన ప్రతిపక్ష మామె కెదురగునని నారదుఁడు సూచించెను. సాటిలేదనుటయు సాటిని వెదకుటయే గదా! తన్నుఁ దానుగాఁ దెలిసికొన్నవారి కట్టి మాటతోఁ బనిలేదు. నారదుని న్యూనతాశంకయు, రంభ యాధిక్యగర్వమును భిన్నములుగాఁ దోఁచును గాని, యవి యొక్క త్రాసునకే రెండు తట్టలు. తన కొఱఁత నెఱిఁగి కుందిన మునియే, తన మేలిమి నెంచి మురిసిన యప్సరసకు రానున్నదానిని జెప్పుట కవి యెఱిఁగి చేసిన కూర్పు.

అటుపైఁ గథ వేగము పుంజుకొనును. నలకూబరునిపై వలపుగొన్న కలభాషిణి రంభారూపమును దాల్చెను. రంభపై మనసుపడిన మణికంధరుఁ డామె హృదయము నలకూబరునియందే యుండుటఁ గని నలకూబరరూపమును దాల్చెను. ఇరువురును దమకుఁ గావలసినవారిని బొందఁగోరి తమ్ముఁ దాము విడిచిరి. తత్ఫలముగా మాయారంభ నలకూబరుఁడని నమ్మి చేరినవాఁడు మాయానలకూబరుఁ డయ్యెను. ఎరవుసొమ్ము ధరించినవానికి నెరవుసొమ్మే యెదురువచ్చినట్లయ్యెను. తరువాత రంభ లిరువురును దమలో నిజమైన రంభ యెవతెయని కలహింతురు. ఈ ఘట్టము హాస్యరసమునకుఁ బట్టుగొమ్మయని యందఱు నంగీకరించినదే. హాస్యము క్రింద నొక కఠినసత్యము గలదు. నిజమైన రంభకును దన రూపము ప్రమాణముగాఁ జూపుట కవకాశము లేదు. అదే రూప మెదుట నిలిచియున్నది. అంతకుముందు సాటిలేదని తా నెన్నుకొన్న సౌందర్యమే యవసరమువేళ నామెకు సాక్ష్యము పలుకలేకపోయినది.

ఈ చిక్కు విడివడిన తీరును గూడ గమనింపవలయును. మణికంధరుఁడు కళాపూర్ణుఁడుగాను, గలభాషిణి మధురలాలసగాను మరల జన్మించిరి. శిశువైన మధురలాలస నోటనే పూర్వవృత్తాంతము వెలువడును. కాలాంతరమున వారిరువురకు వివాహ మగును. జన్మాంతరమున వచ్చినదియు నింకొక రూపమే గదా, అది మాత్రము స్వరూప మెట్లగునని యాక్షేపింపవచ్చును. కళాపూర్ణుని దేహము మఱియొకనినుండి యెరవు దెచ్చుకొన్నది గాదు. ఒకరిని భ్రమపెట్టుటకై తొడిగికొన్నదియుఁ గాదు. మధురలాలస పూర్వజన్మమును దాఁచుకొనలేదు, తానే చెప్పినది. తొలుతఁ బరరూపములతో నొండొరులఁ జేరినవారే తుదకు మఱుఁగులేని తమ రూపములతోఁ గలిసికొనిరి. రాజులును గన్యలును వివాహమాడుటతో ముగియు ప్రబంధములు కొల్లలు. కాని యిందలి వివాహము కథకు మంగళాచారము మాత్రమే గాక సమాధానము గూడ నైనది.

మాత్సర్యము లేనిచో నారదుఁడు సంగీతము నేర్చియుండునా, కాఁబట్టి పోల్చుకొనుటయు మేలే గదా యని పలికెడివారు గలరు. ఈ వాదము త్రోసివేయఁదగినది గాదు. పరుని ప్రజ్ఞను గన్నప్పుడు తన కొఱఁత తెలియును. తెలిసినఁ బ్రయత్నము పుట్టును. కాని మాత్సర్యము శిష్యుని గురువుగారి యింటి గడపవఱకుఁ దెచ్చి విడుచునంతియే. లోపల శ్రుతి కలుపవలసినది వాని కంఠమే. పురాణకథయందు నారదుని విద్య పూర్ణమైనప్పుడే తుంబురునిపై నీర్ష్యయుఁ దొలఁగినది. మొదట నడిపించిన కఱ్ఱ తుదివఱకుఁ జేతనుండినచో వీణ పట్టుట కవకాశముండదు.

సూరన యీ సత్యమును బాత్రలకే వదలిపెట్టలేదు. ఈతఁడు రాఘవపాండవీయమున రామాయణభారతకథలను నొక్క పద్యమున నిమిడ్చి, పాండిత్యమునఁ దనకుఁ గల పట్టును నిరూపించెను. ఆ త్రోవనే సాగియుండినచో నాతని కీర్తికిఁ గొఱఁత యుండెడిది గాదు. అట్లు సేయక, కళాపూర్ణోదయమునఁ గల్పనమును, బ్రభావతీప్రద్యుమ్నమున సంభాషణతో నడచు కథనమును జేపట్టెను. తననుఁ దానే యనుకరించుకొనని కవి యరుదు. సూరన యట్టి యరుదైనవారిలో నొకఁడు.

దీనికిఁ బ్రతిదృష్టాంతము వసుచరిత్రానంతరకాలమునఁ గలదు. రామరాజభూషణుఁ డాదిపర్వమునఁ గొలఁదిపాటిగా నున్న వసురాజవృత్తాంతమును గైకొని శ్లేషతోను, నాదమాధుర్యముతోను 6 ఆశ్వాసముల కావ్యముగా నిర్మించెను. అది యాతని స్వభావమునకుఁ దగిన సృష్టి. పిమ్మటివారు పలువు రా కావ్యమును గొలఁతబద్దగా నెన్నుకొనిరి. వారి కృతులకుఁ బిల్లవసుచరిత్రము లను పేరే వచ్చినది. చంద్రికాపరిణయము వంటివానియందు సురభి మాధవరాయలు మొదలగువారి పాండిత్యము చిన్నది గాదు. అయినను బేరే తీర్పు చెప్పుచున్నది: తల్లి పేరు చెప్పక బిడ్డను బిలువలేని స్థితి యది. చేమకూర వేంకటకవియు నా ప్రబంధమార్గముననే నడచినవాఁడు. భారతమందలి యర్జునతీర్థయాత్రనే కైకొన్నవాఁడు. కాని విజయవిలాసమును 3 ఆశ్వాసములకే ముగించి, తేటతెనుఁగు నుడికారమును, బద్యపద్యమునఁ జమత్కారమును దనవిగాఁ జేసికొనెను. వసుచరిత్రమునకు సాటి రావలయునను తపన యందుఁ గానరాదు. కనుకనే దాని చాటున నిలువవలసిన గతియుఁ బట్టలేదు.

ఇంతవఱకుఁ గవులమాట. విమర్శకులును విచారింపవలసినది గలదు. 1914వ సంవత్సరమునఁ గట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమును వెలయించి సూరన కల్పనాశక్తికిఁ బట్టము గట్టిరి. ఆ యుపకారము మఱువరానిది. పిమ్మట రెండు రంభల కలహమును షేక్స్పియరు వ్రాసిన కామెడీ ఆఫ్ ఎర్రర్స్ నాటకముతోఁ బోల్చుట వాడుకయైనది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌గార్ల యాంగ్లానువాదము వెలువడిన పిదప దీనిని నవలగాఁ జూచుటయు బలపడినది. ఇవి గౌరవముతోఁ జేసిన పోలికలే. కాని కావ్యమునకు గౌరవము నాటకరూపముననో నవలారూపముననో మాత్రమే కలుగునని తోఁచునట్లు చెప్పినచో, విమర్శకుఁడు కలభాషిణికి మరల రంభారూపమును దొడుగుచున్నాఁడు. పంచకావ్యముల పట్టికలోఁ దనకుఁ జోటు దొరకని యీ కావ్యమునకు దూరదేశపు పట్టికలో నాసన మిచ్చుట వలన నా పట్టికల యధికార మింకను బలపడునే గాని సడలదు.

పోలిక సర్వత్ర వర్జ్యమని దీని యర్థము గాదు. తారతమ్యమును దేల్చు పోలిక వేఱు. స్వరూపమును దెలుపు పోలిక వేఱు. ఆ షేక్స్పియరు నాటకమునందలి సామ్యము పుట్టుకతో వచ్చినది. రెండు జతల కవలలకుఁ దమ పోలిక యిచ్ఛాకృతము గాదు, అజ్ఞానము వలనఁ జిక్కు పుట్టినది. కళాపూర్ణోదయమున సామ్యము కోరి తెచ్చుకొన్నది. కోరిక వలనఁ జిక్కు పుట్టినది. అందు నిజము తెలిసినంతనే కథ విడివడును. ఇందు నిజము తెలిసినను జాలదు, జన్మమే మాఱవలసివచ్చినది. ఇట్లు ప్రక్కప్రక్క నిలిపి చూచినప్పుడు రెండును దమతమ వెలుఁగుతోఁ గనఁబడును. ఏది గొప్ప యను ప్రశ్నకుఁ దావుండదు.

పాఠశాలలలో నీ కావ్యమును బోధించు పండితులు, సూరన పెద్దనకు మిన్నయా, రామరాజభూషణునకు సరియా యని విద్యార్థుల నడుగుటకుఁ బూర్వము, మణికంధరుఁ డెందులకు నలకూబరుఁడు గాఁగోరెనని యడుగుట లెస్స. ఆ ప్రశ్నకు సమాధానము వెదకిన విద్యార్థికి మొదటి ప్రశ్నతో నవసర ముండకపోవచ్చును.