చిత్రకథ : పదార్థవిచారము, ప్రతిసంగ్రహము

పాత బొమ్మల పత్రికలను వెదకి కూర్చు నభిరుచి యిప్పుడు తెలుగువారిలో వ్యాపించియున్నది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసున నెలకొల్పిన ‘బాల’, బి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జూలైలో నచటనే ప్రారంభించిన ‘చందమామ’, ఈ రెంటి తొలినాటి సంచికలకై తిరుగువారు పెక్కండ్రు. పండితులలో కొందరు దీనిని బాల్యమోహముగా నెంచి నవ్వుదురు. సంగ్రాహకులలో కొందరు దీనిని ధనముగా నెంచి దాచుదురు. ఈ రెండు మతములును సరికావని నా యభిప్రాయము. తాళపత్రప్రతుల విషయమున మన సాహిత్యపరిశోధకులు ఏ జాగరూకతను వహించిరో, ఆ జాగరూకత యీ సంచికల విషయమునను వహింపదగినది. లేనిచో నిరువదవ శతాబ్దపు తెలుగు వచనచరిత్రలో నొక భాగము సాక్ష్యము లేక నశించును. ఈ యంశమును నిరూపించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట శబ్దవిచారము చేయుదము. ఆంగ్లమున నీ జాతి పుస్తకములకు ‘కామిక్’ అని పేరు. ఆ పదమునకు హాస్యసంబంధి యని యవయవార్థము. కాని యుద్ధకథలకును, భయానకకథలకును నా పేరే చెల్లుచున్నది గావున నది యోగమును విడిచి రూఢిని చేరిన శబ్దము. మన ‘చిత్రకథ’ యట్లు కాదు. దీనికి మూడు విగ్రహములు పొసగును. చిత్రమైన కథ యనినచో కర్మధారయము. కథ యాశ్చర్యకరమని మాత్రమే తేలును. చిత్రములయొక్క కథ యనినచో షష్ఠీతత్పురుషము. చిత్రములనుగూర్చిన వృత్తాంత మని పొరపడ వీలున్నది. చిత్రప్రధానమైన కథ యని శాకపార్థివాదులవలె మధ్యమపదలోపము చెప్పినచో నర్థము కుదురును. బొమ్మయే కథను నడపగా మాట దాని వెంట నడచునట్టిది చిత్రకథ. మాట కథను నడపగా బొమ్మ తోడ్పడునది సచిత్రకథ. ఈ భేదమును పాటింపనివారు తమ పట్టికలలో నన్నిటిని ఒక్క పేరుతో చేర్చుచున్నారు. దానివలన పరిశీలకునకు మిగులునది గందరగోళమే.

ఉదాహరణమునకు, 1950 దశకపు చందమామలో ‘చిత్రకథ’ యను శీర్షికతోనే యొక పుట వెలువడుచుండెను. దాసు, వాసు అను నిరువురు బాలురు, టైగర్ అను కుక్క అందు పాత్రములు. గడులుగా విభక్తమైన బొమ్మలు, వానికి తోడుగా కొలది వాక్యములు. వ్రాసినది ‘చిత్ర’ యను పేరుతో ప్రసిద్ధుడైన టి. వి. రాఘవన్. కావున నచట చిత్రయొక్క కథ యని షష్ఠీసమాసము చెప్పినను దోషము లేదు! ఇది లక్షణమునకు సరిపడు చిత్రకథ. దాసరి సుబ్రహ్మణ్యముగారి ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గము’ మున్నగు ధారావాహికలు రెండవ జాతివి. అమెరికాలో 1938 నుండి విస్తరించిన పుస్తకములు మొదటి జాతివి. మన సంపదలో నధికభాగము రెండవ జాతిదని గ్రహించినగాని యిక్కడి సంగ్రాహకుడు తాను దేనిని కాపాడవలయునో యెరుగజాలడు.

ఇచట నొక పూర్వపక్షము. సచిత్రకథలో బొమ్మ యలంకారమాత్రము; మాటలను తిరిగి ముద్రించుకొన్నచో చాలును; పాత సంచికతో పని యేమి? దీనికి సమాధానము మన శాస్త్రమునందే కలదు. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములని పెద్దలు చెప్పుదురు. ఈ ధారావాహికలలో వాక్యము చిన్నది. వింతమృగము వచ్చెనని చెప్పి వచనము ముందునకు సాగును. ఆ మృగమునకు కొమ్ములెన్ని, తోక యెట్టిది, దానిముందు మనుష్యుడెంతటివాడు అను నాకాంక్షను ప్రక్కనున్న చిత్రగారి బొమ్మ తీర్చును. అనగా విశేషణములు వ్రాయవలసిన చోట బొమ్మ నిలిచినది. ఆ బొమ్మను తొలగించినచో వచనము బక్కచిక్కినట్లు తోచును. ఆ లోపము రచయితది కాదు, ముద్రాపకునిది. బొమ్మను మిగిల్చి నాలుగు పుటల యవతల వేసినచో సన్నిధి చెడును. బేతాళకథలను చూడుడు. రాజు శవమును భుజముపై మోయుచు శ్మశానమున నడచు బొమ్మ, ఉపక్రమ వాక్యములు, ఉపసంహార వాక్యములు ప్రతిమాసమును నొక్కరీతిగా నుండెడివి. 2020లో గతించిన శంకర్ (కె. సి. శివశంకరన్) గారి యా బొమ్మ కథకు పల్లవి వంటిది. దానిని విడిచి మధ్యకథను మాత్రమే గ్రంథస్థము చేసినచో చరణములు మిగులును, పల్లవి పోవును.

ఇంతకంటె గురుతరమైన విషయము కర్తృనిర్ణయము. దాసరివారు 1952 నుండి 2006 వరకు చందమామ సంపాదకవర్గమున పనిచేసిరి. ఆయన ధారావాహికలు కర్తృనామము లేకయే వెలువడినవి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో పరమపదించువరకు పత్రికను తీర్చిదిద్దినను సామాన్యపాఠకున కా సంగతి చిరకాలము తెలియదు. బొమ్మమూలను చిత్రకారుని సంతకము కలదు. కథకు మాత్రము కర్త పేరు లేదు. ఆద్యంతపత్రములు పోయిన ప్రతిలో కర్తనెట్లు నిర్ణయింతుమో ఇచటను నట్లే శైలి, కాలము, సమకాలికుల వాక్కు అను సాధనములతో నిర్ణయింపవలయును. వీనిలో కాలము నిశ్చితముగా నిలుచునది సంచికయందే. నెల, సంవత్సరము గల పత్రము నశించినచో తక్కిన రెండు సాధనములును గాలిలో నిలుచును.

ఈ దృష్టితో సంగ్రాహకుల యాచారములను పరీక్షింతము. మొదటిది, ధారావాహిక పుటలను మాత్రము చింపి వరుసగా కుట్టించుట. ఇది తెలుగిండ్లలో ప్రేమతో చేసిన పని. దానివలననే కొన్ని కథలు నేటికి మిగిలినవి. అయినను ముఖపత్రము, వెల, ప్రకటనలు, ఫోటోవ్యాఖ్యల పోటీ పుట, అన్నింటికంటె ముఖ్యముగా తేదీ, యివి యన్నియు దానివలన పోయినవి. ఇట్టి కుట్టుప్రతి దొరకినచో గౌరవముతో నుంచుకొనవలయును గాని, దొరకిన పూర్ణసంచికను నేడు చింపి యట్టి ప్రతిని చేయుట క్షంతవ్యము కాదు. రెండవది, ముఖచిత్రమును వేరుచేసి యద్దపు చట్రమున బిగించుట. 1921లో శ్రీకాకుళమున జన్మించి, 1992లో గతించిన వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రములకు ఈ యాపద యధికము. ‘వ.పా.’ యను రెండక్షరములు కనబడగానే కత్తెర తీయువారున్నారు. మన జిల్లావాడని గర్వించు మనమే యా వర్ణచిత్రము ఏ మాసమునకు, ఏ కథకు సంబంధించినదో తెలియకుండ చేయుట యెట్టి యభిమానము?

మూడవది, వెలనుబట్టి విలువ కట్టుట. సూపర్‌మాన్ తొలిసారి కానవచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 1938లో పది సెంట్లకు విక్రయింపబడెను. దాని ప్రతి యొకటి 2024లో 60 లక్షల డాలర్లకు పోయినది. అచట రెండవ ప్రపంచయుద్ధకాలమున పాతకాగితము నేకరించి యుద్ధావసరములకు వాడుటచే ననేకప్రతులు నశించినవి. ప్రతులు తగ్గగా వెల హెచ్చినది. 2000 నుండి పుస్తకములకు పదింట నిన్ని యని యంకెలు వేసి, తెరువ వీలుకాని పెట్టెలలో బిగించు వ్యాపారసంస్థయు నేర్పడినది. తెరువరాని పుస్తకము రూపమున పుస్తకమే, ప్రయోజనమున కాదు. ఆ యాచారమును మనము తెచ్చుకొననక్కరలేదు. మన ప్రతులు యుద్ధమువలన గాక, కిరాణాకొట్టు పొట్లములవలనను, చెదలవలనను, వాననీటివలనను నశించినవి. కారణము వేరైనప్పుడు చికిత్సయు వేరు కావలయును.

మా రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి గుడికప్పు లేకయే యెండకు వానకు నోర్చి నిలిచియున్నాడు. శిలకున్న యోర్పు కాగితమునకు లేదు. పత్రికల ముతకకాగితము కొయ్యను నూరిన గుజ్జుతో చేయబడును. అందు మిగిలిన లిగ్నిన్ అను పదార్థము గాలివెలుతురులు సోకినకొలది పసుపువన్నె దాల్చును. ఆమ్లము పెరిగి కాగితము పెళుసువారును. టెక్కలి, నౌపడ, పలాస ప్రాంతములలో సముద్రపు ఉప్పుగాలి దీనికి తోడు. సంచిక నడుమ గుచ్చిన యినుపతీగ త్రుప్పుపట్టి చుట్టును కాగితమును తినివేయును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. ఇండ్ల కప్పులు లేచిపోయినప్పుడు లోపలి పుస్తకములకు దిక్కేమి? కావున త్రుప్పుతీగను మెల్లగా తీసి నూలుదారముతో కుట్టుట, నేలకు గోడకు తగులకుండ నెత్తున నుంచుట, జిగురు పట్టీలు అంటింపకుండుట, ప్లాస్టిక్ పొరలో శాశ్వతముగా నతుకకుండుట, ఇవి యవశ్యకర్తవ్యములు. మన వ్రాయసకాండ్రు గ్రంథాంతమున నూనె, నీరు, సడలిన కట్టు అను నాపదలను పేర్కొని చదువరిని హెచ్చరించు నాచారము కలవారు. ఆ హెచ్చరిక నేటికిని పాతబడలేదు.

ఇప్పుడు అంతర్జాలమున చందమామ సంచికల ప్రతిబింబములు చాల లభించుచున్నవి గదా యని యందురు. లభించుచున్నవి, వానిని కూర్చినవారికి మనము ఋణపడియున్నాము. కాని ప్రతిబింబము ఏ ప్రతినుండి తీయబడినదో, అందు పుటలెన్ని లోపించినవో, అంచులు ఎంతవరకు కత్తిరింపబడినవో చెప్పనిచో నది మాతృకను పేర్కొనని లేఖనము వంటిది. చందమామ బొమ్మలు పెక్కుభాషలకు ఉమ్మడివి. తమిళమున ‘అంబులిమామ’ 1947లోనే ప్రారంభమైనది. తెలుగు ప్రతిలో లోపించిన బొమ్మను తమిళప్రతినుండి పూరించుట తప్పుకాదు. పూరించితిమని వ్రాయకుండుట తప్పు. 2013లో చందమామ ముద్రణమే నిలిచిపోయినది గావున పోయిన ప్రతికి బదులు ప్రతి యిక పుట్టదు.

భాషావిషయమును చెప్పక విడుచుట తగదు. ఈ పత్రికల భాష వ్యావహారికము. మా ప్రాంతపువారే యగు గిడుగు రామమూర్తిగారు (1863–1940) ఏ వచనముకొరకు పోరాడిరో యా వచనము బాలురచేతికి నెలనెల చేరుటకు చందమామ మార్గమైనది. వ్యాకరణమున పెరిగిన మావంటివారికి గ్రాంథికముపై మమకారముండుట సహజము. అయినను న్యాయము చెప్పవలయును. చందమామ వాక్యమునకు కట్టుబాటు కలదు. కర్త స్పష్టము, క్రియ దూరమున దాగియుండదు, అన్వయమునకై బాలుడు వెదకులాడనక్కరలేదు. దూరాన్వయము దోషమని మనము విద్యార్థులకు బోధింతుము. ఆ దోషము లేని వచనమును ఎదుట నుంచుకొని, లక్షణము పాతది కాదని దానిని త్రోసివేయుట పక్షపాతము. మరియు నీ వ్యావహారికము ఏ దశకమున ఏ రూపమున స్థిరపడినదో తెలుపుటకు తేదీగల మూలసంచికలే ప్రమాణము. పునర్ముద్రణమున వర్ణక్రమమును, క్రియారూపములను నేటి వాడుకకు సవరించినచో నా ప్రమాణము చెడును. సవరింపదలచినవారు పీఠికలో దానిని తెలుపుట ధర్మము.

మార్గదర్శనమునకు దూరము పోనక్కరలేదు. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము తెలుగు కథలను, అవి తొలుత వెలువడిన పత్రికలను కూర్చినది. 2021లో ఆయన గతించిరి. ఆయన చూపిన సూత్రము నిలిచియున్నది. కథను కాపాడవలయునన్న నది మొదట పుట్టిన పత్రికను కాపాడవలయునని యా సూత్రము. వేటపాలెపు సారస్వతనికేతనము 1918 నుండి పాతపత్రికలకు నాశ్రయమైనది. ఈ సూత్రమునే బొమ్మలపత్రికలకును వర్తింపజేయుట మన పని.

పాఠశాలా పండితులీ పనికి మిక్కిలి యర్హులు. వారికి ప్రతి గ్రామమున శిష్యులు కలరు. శిష్యుల యిండ్లలో నటుకలు కలవు. సంచికను కొనుటకాని, తెచ్చుకొనుటకాని యవసరములేదు. యజమాని యింటనే దానిని చూచి, మాసము, సంవత్సరము, ఉన్న పుటలు, లేని పుటలు, చిత్రకారుల సంతకములు, ధారావాహికల పేళ్లు, కుట్టు, చెద, తడి యెట్లున్నవో యొక కాగితమున వ్రాసినచో చాలును. చిత్రకథ, సచిత్రకథ యని వేరుగా గుర్తించినచో మరియు మేలు. ఇట్టి పట్టికలు నూరు చేరినచో నేది మిగిలినదో, ఏది యెక్కడను లేదో తెలియును. లేదని తెలిసినదానినే వెదకగలము. మరుసటి తుపాను వచ్చునాటికి ఉద్దానమున నున్న సంచికల పట్టికయైన మనచేత నుండవలయును.