బడి ముంగిట యక్షగానము

పైగా ప్రభువులైన షంసుల్ ఉమ్రాల పేరిట వెలసినదని చెప్పబడు శంషాబాదు, 2008వ సంవత్సరము మార్చి నెలలో అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడిన నాటి నుండి దేశదేశముల ప్రయాణికుల నోట నానుచున్నది. సుమారు 5,500 ఎకరముల నేల, చెలకలును మళ్లును చెరువు శిఖములును కలిసి, విమానములు దిగు బాటలుగను గోదాములుగను మారినది. దానితో పాటు ఇచ్చటి ప్రభుత్వ పాఠశాలల హాజరుపట్టీలును మారినవి. మామిడిపల్లి, గొల్లపల్లి, పాల్మాకుల, నర్కూడ వంటి గ్రామముల పాత కుటుంబముల పిల్లల సరసన, కట్టడపు పనులకై పాలమూరు నుండియు పరరాష్ట్రముల నుండియు తరలివచ్చిన కూలీల పిల్లలును కూర్చుండుటచే, తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, లంబాడీ పలుకులు ఒకే గదిలో వినవచ్చును. ఇంటి భాష వేరు, బడి భాష వేరు, పరీక్ష భాష మరియు వేరైన ఇట్టి పిల్లలు నలుగురి యెదుట నిలిచి తడబడక నాలుగు మాటలు పలుకుట యెన్నడు నేర్చుకొందురు? లెక్కల పీరియడులో నేర్వరు; విజ్ఞానశాస్త్రపు పీరియడులో జవాబు ఒప్పచెప్పుదురే గాని పలుకుట నేర్వరు. అందులకై యొక ప్రత్యేకమైన వేళయు, ఒక ప్రత్యేకమైన విద్యయు కావలయును. ఆ విద్య నాటకము.

నర్కూడ చెంతనున్న అమ్మపల్లి శ్రీరామచంద్రస్వామి ఆలయము, దాని యెత్తైన గోపురము, కోనేటి చుట్టునున్న మండపములు చలనచిత్రముల చిత్రీకరణమునకు మిక్కిలి ప్రసిద్ధి. నటన యనగా పట్టణము నుండి బండ్లలో వచ్చి, దీపములు వెలిగించుకొని, సాయంకాలమునకు వెడలిపోవు పెద్దవారి పనియని ఈ చుట్టుపట్ల పిల్లలు తలచిన ఆశ్చర్యము లేదు. బడిలో జరుగు వార్షికోత్సవము ఆ భావమును తొలగింపకపోగా స్థిరపరచుచున్నది. రికార్డు పాట మ్రోగుచుండగా పెదవులు కదపుట, సినిమా నర్తకుల అంగవిన్యాసములను అనుకరించుట, ముందు వరుసలో చూడచక్కని పిల్లలను నిలిపి తక్కినవారిని కుర్చీలు మోయుటకు వినియోగించుట: దీనిని సాంస్కృతిక కార్యక్రమమందురు. ఇందు సంస్కృతి యెంత గలదో చెప్పజాలను గాని, విద్య మాత్రము లేదు.

నాటకవిద్య యనగానే దానికొక రంగమందిరము, తెరలు, దీపములు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు కావలయునని భయపడుట మన అధికారులకు అలవాటు. ఈ భయము మన నాటకమును మనమెరుగకపోవుటచే కలిగినది. పదునారవ శతాబ్దమునందలి కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయము మొదలుకొని ఇటీవలి వరకు వేలాది కృతులుగా వర్ధిల్లి, ఎస్వీ జోగారావుగారు 1961లో వెలువరించిన ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర వంటి బృహద్గ్రంథమునకు విషయమైన యక్షగానము, తెలంగాణమున కావ్యముగా కంటె ఊరి నడుమ ఆడెడి ఆటగానే యెక్కువగా బ్రదికినది. చెర్విరాల బాగయ్యవంటి కవులు వ్రాసిన యక్షగానములను పల్లెలలోని యువకులు కొనితెచ్చుకొని, గురువు నొకనిని పిలిపించి, పొలము పనులు తీరిన పిమ్మట రాత్రులందు నేర్చి, పండుగకు ప్రదర్శించెడివారు. ఇక ఆ విద్యనే కులవృత్తిగా తరతరములుగా కాపాడుకొనుచు వచ్చినవారు చిందు కళాకారులు. వారి ఆటను జనులు చిందు బాగోతమందురు, చిందు యక్షగానమందురు. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ స్త్రీపాత్రలను పురుషపాత్రలను సమానమైన అధికారముతో ధరించి 2005లో కీర్తిశేషురాలైనది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అనగా ఈ విద్య పురావస్తుశాలకు చేరలేదు. దానిని నేర్పగలవారు మన నడుమనే యున్నారు.

దీని శిల్పమును కొంచెము నిదానముగా పరిశీలింతము. ఆటకు కావలసిన స్థలము ఊరి నడుమ కొంత చదునైన నేల, అంతే. వెనుక భాగమున మద్దెల, హార్మోనియము, తాళములతో మేళము నిలుచును. ప్రేక్షకులు మూడు వైపుల కూర్చుందురు. పాత్ర రంగమునకు వచ్చునప్పుడు ఇద్దరు మనుష్యులు ఒక తెరగుడ్డను అడ్డముగా పట్టుకొందురు. పైన కిరీటపు కొన మాత్రము కనబడును, క్రింద గజ్జెకట్టిన పాదములు మాత్రము కనబడును, నడుమనున్నదెవరో ప్రేక్షకుడు ఊహించుకొనవలయును. ప్రవేశదరువు, అనగా పాత్ర రాకను దెలుపు పాట, సాగుచుండగా తెర కదలి, తొలగి, పాత్ర వెలువడును. పిమ్మట ఆ పాత్ర తానెవరో, తన రాజ్యమేదో, ఏ పనికై వచ్చినదో ప్రశ్నోత్తరరూపమున తానే సభకు చెప్పుకొనును. నటుడు పాత్రలో లీనమై సభను మరచిపోవలెనను నియమము ఇచ్చట లేదు. తాను పాత్రను చూపుచున్నాననియు, సభ చూచుచున్నదనియు ఇరువురును ఎరిగియే యుందురు. ఇరువదవ శతాబ్దమున జర్మను నాటకకర్త బ్రెక్ట్ ప్రతిపాదించిన పద్ధతికి ఇది దగ్గర చుట్టము. బిడియపడు పిల్లవానికి ఇంతకంటె అనుకూలమైన నటనాపద్ధతి మరియొకటి లేదు. ఏడువవలసినప్పుడు నిజముగా ఏడువనక్కరలేదు. ఏడ్పు నెట్లు చూపవలయునో తెలిసిన చాలును.

అంతకంటెను విలువైనది వంత. ప్రధాన నటుడు దరువులో ఒక చరణము పాడును. వెనుకనున్న మేళము ఆ చరణమునే తిరిగి అందుకొనును. అది సాగుచున్నంత సేపు నటుడు తాళమునకు అడుగులు వేయును, ఊపిరి తీసికొనును, తరువాతి చరణమును జ్ఞప్తికి తెచ్చుకొనును. మరచినచో వంతవారు అందింతురు. గొంతు జారినచో వంతవారు మోయుదురు. విమానములు నెత్తిమీదుగా ఘోషించుచు పోవు ఊళ్లలో ఒంటరి గొంతు వినబడదు గాని పదిమంది గొంతులు కలిసిన చరణము వినబడును గదా! బడిపిల్లల విషయమున ఈ యేర్పాటు మహోపకారి. నలువది మంది తరగతిలో నలుగురికే వేషములు దొరకును. తక్కిన ముప్పదియారుగురు ప్రేక్షకులుగా మిగులుట మన బడినాటకముల పెద్ద లోపము. వంత ఉన్నచోట ఎవ్వరును మిగులరు. వంతలో నిలిచిన బాలిక ఆట యంతయు విని, తాళమంతయు గ్రహించి, అందరి పాత్రలను ఎరిగియుండును గనుక, వేషధారి జ్వరముతో పడుకొన్ననాడు ఆమెయే ముందుకు రాగలదు. ఇది నాకు మిక్కిలి యిష్టమైన విషయము కావున ఎక్కువగా వ్రాసితినేమో.

దరువు ముగియగానే వచనము వచ్చును. పాటలో చెప్పిన అర్థమునే నటుడు వాడుకమాటలలో విస్తరించి, సందర్భమునకు తగినట్లు పెంచియు కుదించియు చెప్పును. పద్యమును రాగయుక్తముగా చదివి, దాని భావమును సొంత మాటలలో చెప్పుమని తెలుగు ఉపాధ్యాయుడు ప్రతి పరీక్షయందును అడుగునది ఇదియే గదా. పరీక్షలో గైడు పుస్తకపు వాక్యములు వచ్చును. ఆటలో అవి పొసగవు, ఏలయన ఎదుట ప్రశ్నించు మరియొక పాత్ర నిలిచియుండును. ఆ ప్రశ్నించువాడు సాధారణముగా హాస్యగాడు. తెలంగాణపు బాగోతములలో వానిని బుడ్డర్ ఖాన్ అందురు. ఉర్దూ తెలుగులను కలగలిపి మాటలాడుచు, రాజును సైతము ఎగతాళి చేయుచు, సభలోని వారి సందేహములను తానే అడుగుచు, కథకును ఊరికిని నడుమ వంతెనవలె నిలుచు ఈ పాత్ర, నాలుగు భాషలు వినబడు శంషాబాదు తరగతి గదికై యెవరో ముందుచూపుతో సృష్టించినట్లున్నది. ఇంట ఉర్దూ పలుకు బాలునకు తన భాష బడిలో లోపముగా గాక వేషముగా, నవ్వించు శక్తిగా గౌరవింపబడు ఘడియ ఇది.

వేషధారణ విషయమున ఒక హెచ్చరిక. చిందువారు ముఖమునకు అర్దళమును పూసికొందురు. ఆ పసుపువన్నె దీపపు వెలుగులో అద్భుతముగా ప్రకాశించును గాని, అది పాషాణసంబంధియైన ఖనిజము; పిల్లల చర్మమునకు తగదు. ఇంటి పసుపు, కుంకుమ, కాటుక చాలును. పొణికి కర్రతో తేలికగా చెక్కి అద్దములు పొదిగెడి కిరీటములను భుజకీర్తులను మాత్రము పిల్లలచేత అట్టతో చేయింపవచ్చును. చేతిపనుల పీరియడునకు దీనికంటె మంచి పని దొరకదు.

చిందు యక్షగానములలో జాంబపురాణము ప్రత్యేకముగా పేర్కొనదగినది. అందు జాంబవంతుడును బ్రాహ్మణుడును ఎదురెదురుగా నిలిచి సృష్టిని గూర్చియు, ఎవరు ముందు పుట్టిరనుటను గూర్చియు వాదించుకొందురు. కులమును గూర్చిన వాదము బడిలోనికి రావచ్చునా యని కొందరు శంకింతురు. అది బడిలో లేనిదెన్నడు? మధ్యాహ్న భోజనపు వరుసలో, నీళ్ల కుండ వద్ద, స్నేహములలో అది మాటలు లేక సంచరించుచునే యున్నది. సభ యెదుట, ప్రశ్నకు ప్రశ్నగా, ఉక్తికి ప్రత్యుక్తిగా వాదించు క్రమము నేర్చినవాడు వీధిలో చేయెత్తుటకు కొంత వెనుకాడునని నా నమ్మకము. పై తరగతులలో, ఉపాధ్యాయుని వివేకము తోడుగా, ఈ కథను తప్పక ఆడింపవలయును. క్రింది తరగతులకు ప్రహ్లాదుడు, చెంచులక్ష్మి, సారంగధరుడు ఉండనే యున్నారు. వారితో పాటు చెరువును గూర్చియు, భూమిని గూర్చియు పిల్లలే కట్టుకొనిన క్రొత్త దరువులును ఉండవచ్చును.

పాఠశాలయందు నాటకమను భావము మనకు క్రొత్తయేమియు గాదు. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు 1940లోనే ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి పిల్లలచేత పాడించి, ఆడించిరి. ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరపు బెల్గ్రేడ్ థియేటరు 1965లో నటులను బడులకు పంపి, విద్యలో నాటకమను ఉద్యమమునకు మూలమైనది. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయము 1989లో అందులకై ప్రత్యేక బృందమును ఏర్పరచినది. శంషాబాదునకు బాహ్యవలయ రహదారి మీదుగా ఎంతో దూరము లేని గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు కళాశాలయందు రంగస్థల కళలలో పట్టములు ఇచ్చుచున్నారు. లింగంపల్లిలో సురభి నాటక కుటుంబములు కలవు. 1885లో కడప సీమయందు కీచకవధతో ప్రారంభమైన ఆ సమాజమున పసిపిల్ల నడక నేర్వకమునుపే వేదిక నెక్కును. సురభివారి తీగలు, మాయలు, తెరలు బడికి భారమగును గాని, పిల్లను చిన్ననాడే సభకు అలవరచు వారి పద్ధతి బడికి ఎంతయు గ్రాహ్యము.

చట్టము సైతము అడ్డు గాదు. 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధము, ఆరు నుండి ఎనిమిది తరగతులు గల పాఠశాలలో నూరుగురికి మించి విద్యార్థులున్నచో కళావిద్యకు ఒక పార్ట్ టైమ్ బోధకుడు ఉండవలయునని స్పష్టముగా శాసించుచున్నది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతి వరకు కళావిద్యను ఆవశ్యకముగా పేర్కొన్నది. 2020 జాతీయ విద్యావిధానము స్థానిక కళాకారులను బోధకులుగా నియమించుకొనుమని ప్రోత్సహించుచున్నది. ఇన్ని ఉత్తరువులుండగా కాలపట్టికలో కళల గడి తరచుగా లెక్కలకో, పదవ తరగతి స్పెషల్ క్లాసునకో అప్పగింపబడుట ఉపాధ్యాయుల దోషము గాదు. ఫలితముల శాతమునుబట్టి మాత్రమే వారిని తూచెడి పాలనాపద్ధతి దోషము. కళోత్సవపు పోటీలకు ముందు నెల దినములు తొందరపడి యొక నాటిక తయారుచేయించి, బహుమతి రాగానే మరచిపోవుటయు ఆ పద్ధతి ఫలమే.

కావున అడుగవలసినది స్వల్పమే. శంషాబాదు మండలములోని ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ఒక మద్దెల, ఒక హార్మోనియము, రెండు జతల తాళములు, ఒక తెరగుడ్డ. వారమునకు రెండు పీరియడులు, వాటిని ఇతర విషయములకు మరలింపరాదను ఉత్తరువు. బోధనకు ఒక చిందు కళాకారుడు లేక కళాకారిణి, సహాయమునకు విశ్వవిద్యాలయపు రంగస్థల విద్యార్థి యొకడు. ప్రదర్శన కింతయని గాక, విద్యాసంవత్సరమంతయు నెలజీతముగా వారికి చెల్లింపవలయును. చిక్కు వచ్చునది అర్హత యొద్ద. డిప్లొమా అడిగినచో, ఆరేండ్ల వయసున గజ్జె కట్టి జీవితమంతయు ఆడినవారు వాకిటనే నిలిచిపోవుదురు. పత్రము గలిగి పాట రానివారు లోపలికి వత్తురు. ఎంపికనాడు అభ్యర్థి చేతికి మద్దెల నిచ్చి, ఆ బడిలోని యేడవ తరగతిని ఎదుట కూర్చుండబెట్టి, ఒక దరువు నేర్పుమని కోరి, గంట గడచిన పిమ్మట పిల్లలచేత పాడించి నిర్ణయింపవలయును.